నలభై దాటని ముల్లు

మనిషి పోయాడన్న మాట కంటే ఎనభై అన్న మాటకే నాకు దిమ్మ తిరిగింది.

శ్రీరాంపూర్ బొగ్గు గనిలో మొదటి షిఫ్టు దిగి, నెత్తి లైటు అప్పగించి బయటికొచ్చి ఫోను చూసుకుంటే, గోదావరిఖని నుంచి మెకానిక్ ఖాజా వరసగా ఫోన్లు చేసి ఉన్నాడు. బండ్లు బాగుచేసేవాడికి నాతో అంత తొందర పనేముంటుందని విసుక్కుంటూనే తిరిగి చేశాను.

“అన్నా, మీ బావ పోయిండే” అన్నాడు.

“ఏ బావరా? నాకు ఊరంత బావలే.”

“మీటర్ బావ. బాయి రోడ్డు మీద టిప్పర్ ఆగి ఉంటే ఎనుక నుంచి పోయి గుద్దిండు. దవాఖానకు తీస్కపొయ్యేదాక గుడ పానం ఆగలే.” ఎవరో వింటారన్నట్టు గొంతు తగ్గించాడు. “అన్నా, ముల్లు ఎనభై మీద పట్టుకున్నది. నా కండ్లతోని చూసిన.”

“నోరు ముయ్యి” అన్నాను. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. “ఆయన ఎనభై మీద పోతడారా? బుద్ధుండే మాట్లాడుతున్నవా? ఇంకెవల్నో చూసి ఆయననుకున్నవు.”

ఫోన్లో ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఏడుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

బండ్లు పెట్టే షెడ్డు కింద అట్లాగే నిలబడిపోయాను. తాళంచెవి చేతిలో ఉంది, ఎక్కడ పెట్టాలో తోచదు. షిఫ్టు దిగినవాళ్లు ఒకరొకరే నన్ను దాటిపోతూ ఏమైందే అని అడుగుతున్నారు. “ఎనభై అట” అన్నాను. ఏం ఎనభై అని ఒకడు అడిగాడు. వాడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టి చెప్పను?

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఆయన భార్య మా ఊరి ఆడబిడ్డ. మా అమ్మా, వాళ్ల అమ్మా ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చునేవాళ్లు. ఆ లెక్కన ఆమె నాకు అక్క, ఆమె మొగుడు బావ. ఈ లెక్కను నేను చిన్నప్పటి నుంచి పూర్తిగా వాడుకున్నాను. బావను ఎంత మాటైనా అనొచ్చు, ఎంత ఆటైనా పట్టించవచ్చు, అడిగేవాడు లేడు. ఆయన కూడా నన్ను పేరుతో పిలిచిన పాపాన పోలేదు. బామ్మర్ది అనేవాడు. చౌరస్తాలో షేర్ ఆటోలు, బస్సులు అన్నీ కలిసి మోత మోగిస్తుంటే, ఆ మోతను దాటి వినపడేది ఆయన “బామ్మర్దీ” అనే కేక.

ఆయన పని బాయి మీద. బొగ్గు గనిని మేం బాయి అంటాం. మా దగ్గర కొన్ని బాయిల్లోకి నడిచి దిగుతారు, కొన్నింటిలోకి నిలువునా దిగాలి. నిలువు బాయిలో మనుషులను దించేది, ఎక్కించేది కేజి అనే ఇనుప పెట్టె. ఆ కేజిని తాడుతో ఆడించే ఇంజను దగ్గర బావ కూర్చునేవాడు. పైన గదిలో కూర్చున్నవాడికి కిందికి పోయే కేజి కనపడదు. ఎదురుగా గడియారమంత పలక ఉంటుంది, దాని మీద ఒక ముల్లు. కేజి ఎంత లోతులో ఉందో ఆ ముల్లే చెప్పాలి. ముల్లు తప్పు చెబితే లోపలున్నవాళ్ల కాళ్లు విరుగుతాయి, ఇంకా చెడ్డగా కూడా కావచ్చు. అందుకే తాడు మార్చిన ప్రతిసారీ ఆ ముల్లును మళ్లీ సరిచూస్తారు. బావ ఉద్యోగమంతా ముల్లు ముఖం చూస్తూనే గడిచింది.

రెండు పద్ధతులు ఆయనకు ఆ గది నుంచే వచ్చాయి. ఒకటి, ఇంజను కదిలించే ముందు బొటనవేలి గోరుతో పలక అద్దం మీద రెండుసార్లు టక్ టక్ మని కొట్టడం. ముల్లు ఎక్కడైనా పట్టుకుని ఉంటే ఆ దెబ్బకు కదులుతుందట. మోటారు సైకిలు స్టార్టు చేసే ముందు కూడా మీటరు అద్దం మీద అదే టక్ టక్. పెళ్లిలో ఫొటో దిగే ముందు ఫొటోగ్రాఫరు కెమెరా మీద కూడా ఓసారి కొట్టబోయాడు, నేనే చెయ్యి పట్టుకున్నాను.

రెండోది కుర్చీ. “కింద మనుషులుంటే కుర్చీ ఖాళీ ఉండొద్దు బామ్మర్దీ” అనేవాడు. తర్వాతి షిఫ్టు మనిషి వానకు ఆలస్యమైనా, తాగి రాకపోయినా, ఈయన లేచేది లేదు. అక్క పంపిన సద్ది గిన్నె మూత తీయకుండా అట్లాగే ఉండేది. ఆకలైతలేదా బావా అని ఎవరైనా అడిగితే, కింద ఉన్నోళ్లకు గుడ ఆకలైతది కద, వాళ్లు మీదికొస్తే అందరం తిందాం అనేవాడు.

రిటైరయ్యాక ఆయన కుర్చీ ఖాజా దుకాణానికి మారింది. కుర్చీ అంటే పాత టైరు మీద వేసిన చెక్క. పొద్దున టీ తాగి అక్కడికొచ్చి కూర్చునేవాడు. వెనుక చక్రం విప్పినవాళ్లను, ఇంజను విప్పినవాళ్లను ఏమీ అనడు. ముందు చక్రం విప్పారో, ఇక లేచి వచ్చేవాడు.

“ముందటి చక్రం మారుస్తున్నవా? మీటర్ చూసుకున్నవా?”

“మీటర్ ఎవడు చూస్తడు కాకా, హారన్ మోగితే చాలు” అని ఒక పిల్లగాడు అన్నాడు ఓసారి. నాకైతే అరికాలి మంట నెత్తికెక్కేది. బావ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఆ చక్రం పక్కనే గొంతుక్కూర్చున్నాడు.

“గిది చూడు. ఇరుసు కాడ గీ పండ్ల చక్రం ఉన్నది. చక్రం తిరిగితే గిది తిరుగుతది, గిది తిరిగితే కేబుల్ తిరుగుతది, కేబుల్ తిరిగితే ముల్లు లేస్తది. చక్రం పెద్దది ఏసినవనుకో, ఒక్కసారి తిరిగితే ఎక్కువ దూరం పోతవు. ముల్లుకు గది ఎరుక లేదు. దానికి తిరిగిన లెక్కనే ఎరుక, పోయిన దూరం ఎరుక లేదు. వేరే బండి చక్రం ఏసి, దాని పండ్లు గుడ వేరే ఉంటే ఇంకా ఆగం. నువ్వు యాభై పోతుంటవు, అది నలభై అంటది.”

“మరి ఏం చెయ్యాలె?”

“ఏ చక్రం ఉండెనో గదే సైజు, ఏ పండ్లు ఉండెనో గవే పండ్లు. అయినా నమ్మొద్దు. రాళ్ల కాడికి పో. ముల్లు మొకం చూసి మోసపోకు, రాయి మొకం చూడు.”

రాళ్లంటే రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు. ఇవన్నీ విని ఆ పిల్లగాడు హారన్ మోగించుకుంటూ పోయాడు. బావ మళ్లీ టైరు మీద కూర్చున్నాడు. ఆయన మాట విన్నవాళ్లు తక్కువే. నేను కూడా విని కాదు, ఆయన పోరు పడలేక నా బండి మీటరు సరిచేయించుకున్నాను.

ఇంక ఆయన నలభై గురించి. ఆయన ముల్లు నలభై దాటగా చూసినవాడు ఈ కోల్‌బెల్టులో లేడు. వెనుక షేర్ ఆటోవాళ్లు తిట్టుకుంటూ దాటిపోయేవాళ్లు. బొగ్గు లారీలు బూరలూదేవి. ఓసారి పక్కనే పోతూ అన్నాను, “బావా, ఎనుక కోడిపిల్ల హారన్ కొడుతున్నది, జర సైడియ్యి.”

నవ్వాడు గానీ ముల్లు మాత్రం కదలలేదు. “మనుషులను దించేటప్పుడు ఒక స్పీడు, బొగ్గు గుంజేటప్పుడు ఒక స్పీడు. నా బండి మీద ఉన్నది మనిషా, బొగ్గా?”

వెనుక కూర్చున్న అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. అక్కకు కూడా ఒక పద్ధతి ఉండేది. బండెక్కి సర్దుకున్నాక ఆయన వీపు మీద మూడుసార్లు తట్టేది. అప్పుడే బండి కదిలేది. బాయిలో గంట మూడుసార్లు కొడితే కేజిలో మనుషులు ఎక్కుతున్నట్టు గుర్తు. ఇంట్లో కూర్చుని ఈమెకు గంటల భాష నేర్పాడా మహానుభావుడు అని నేను ఎంత నవ్వుకున్నానో.

ఆ నలభై వెనుక ఏముందో నాకు చాలాకాలం తెలియదు. ఆయన సొంత బండికి ముందు చక్రం పోయినప్పుడు తెలిసింది.

వానాకాలం. అప్పటికి నాకింకా శ్రీరాంపూర్ బదిలీ కాలేదు. రోడ్డు మీద బొగ్గు బురద కింద గుంత ఉందని కనపడక బావ బండి దిగబడింది. నలభై మీదనే పోతున్నాడు కాబట్టి మనిషికి ఏం కాలేదు, ముందు చక్రం మాత్రం అప్పడంలా వంగింది. ఆ రోజు ఖాజా దగ్గర దానికి సరిపోయే చక్రం లేక, వేరే బండిది ఉంటే బిగించి పంపాడు. తర్వాత కొన్ని రోజులకు బావ మా క్వార్టరు ముందు నిలబడ్డాడు.

“బామ్మర్దీ, చెవుల గాలి వేరే తీరు కొడుతున్నదిరా. ముల్లు నలభై అంటున్నది, గాలి కాదంటున్నది. నడు రాళ్ల కాడికి.”

“గాలి మాటలు విని పోవాల్నా బావా? నాకు డ్యూటీ ఉన్నది.”

“రెండో షిఫ్టు కద. జల్ది వద్దాం నడు.”

చేతికి అక్క గడియారం పెట్టుకుని వచ్చాడు. నన్ను వెనుక ఎక్కించుకుని ఆ గడియారం నా చేతికిచ్చాడు. ఆయన ముల్లును నలభై మీద నిలపాలి, నేను రాయి నుంచి రాయికి టైము చూడాలి. నలభై మీద పోతే కిలోమీటరుకు నిమిషంన్నర పట్టాలి. పట్టలేదు. నిమిషంన్నర కాకముందే రాయి వచ్చేసింది. ఇంకోసారి చూశాం. మళ్లీ అంతే. ముల్లు నలభై చూపిస్తుంటే బండి యాభైకి దగ్గరగా పోతోంది.

నేను గెలిచినట్టు నవ్వి, “ఇన్నాళ్లకు మా బావ కుర్రోడయిండు” అన్నాను. బావ బండి స్టాండు వేసి, ఆ కిలోమీటరు రాయి మీదే కూలబడ్డాడు. ముఖం పాలిపోయింది. చక్కెర తగ్గిందేమోనని భయపడి నీళ్ల సీసా తీశాను.

“యాభై పోతే ఏమైతది బావా? పోలీసోళ్లు గుడ ఆపరు.”

“నీకు ఎరుక లేదురా.” అప్పుడు చెప్పాడు. అక్కకు సొంత తమ్ముడు ఒకడుండేవాడు. వీళ్ల పెళ్లయిన కొత్తలోనే కొత్త మోటారు సైకిలు మీద గాలిలా పోయి చచ్చిపోయాడు. నేనప్పటికి పసివాణ్ని, నాకు తెలియదు. ఆ తర్వాత అక్క బండెక్కనంది. ఎక్కకపోవడమే కాదు, మొగుడు బండి తీస్తే తిండి మానేది. చివరికి ఒక ఆదివారం చర్చిలో, బైబిలు మీద చెయ్యి పెట్టి బావ ఆమెకు మాటిచ్చాడు. ముల్లు నలభై దాటదు, నేను బతికున్నన్ని రోజులు దాటదు అని. అప్పుడు ఎక్కింది.

“గా ముల్లును నమ్మి మాటిచ్చిన. ముల్లు తప్పు చూపెడితే నా మాట తప్పినట్టే కదరా. ఇన్ని రోజుల సంది మాట తప్పుకుంట తిరుగుతున్న, ఆమెను ఎనుక కూసోబెట్టుకోని. ఆమెకు ఎరుక లేదు, నాకు ఎరుక లేదు.”

ఊళ్లో అందరితో పాటు నేను కూడా దాన్ని ముసలి చాదస్తం అనుకున్నాను. నన్ను ఆయన బామ్మర్ది అని ఎందుకంత గట్టిగా పిలుస్తాడో కూడా అప్పుడే తట్టింది. డ్యూటీ సంగతి మరిచిపోయి ఆయన పక్కన మట్టిలో కూర్చున్నాను.

ఆ తర్వాత ఖాజాకు నిద్ర లేదు, నాకూ లేదు. ఖాజా డబ్బాలన్నీ బోర్లించి వెతికాడు. ఒక పండ్ల చక్రం ఇరుసుకు పట్టింది గానీ కేబులుకు పట్టలేదు. ఇంకోటి రెంటికీ పట్టింది, ముల్లు మాత్రం పిచ్చిగా ఊగింది. కొత్త మీటరే వేసుకో కాకా అని ఖాజా మొత్తుకున్నాడు. “కొత్తది గుడ గా చక్రం మాటనే ఇంటది కదరా” అన్నాడు బావ. ఆఖరికి మంచిర్యాల పాత సామాన్ల దుకాణంలో ఆయన బండిదే, అదే సైజు ముందు చక్రం, దాని పండ్లతో సహా దొరికింది. బిగించాక మళ్లీ రాళ్ల దగ్గరికి పోయాం. ఈసారి ముల్లు, గడియారం, రాయి మూడూ ఒక్కటే మాట చెప్పాయి. బావ బండి ఆపి, అద్దం మీద టక్ టక్ మని కొట్టి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

“ఇగ ఇది అబద్ధమాడదు బామ్మర్దీ. నువ్వే సాక్షి.”

“సాక్షినే బావా, కోర్టుకు రమ్మన్నా వస్త” అన్నాను.

ఇప్పుడు చెప్పండి, ఆ ముల్లు ఎనభై మీద ఆగిందంటే నేను ఎట్లా నమ్మాలి?

మట్టికి పోయాను. సమాధుల దగ్గర జనం గుసగుసలు. నరం లేని నాలుకలు, ఎట్లయినా తిరుగుతాయి. మందికి నీతులు చెప్పి తను చేసింది ఇదా అని ఒకడు. ముసలితనంలో మోజు పుట్టిందేమో అని ఇంకొకడు. తాగి ఉంటాడని మూడోవాడు అనగానే వాడి కాలరు పట్టుకున్నాను. ఖాజా వచ్చి విడిపించకపోతే అక్కడే కొట్టేవాణ్ని. ఆయన తాగింది టీ తప్ప ఇంకోటి లేదు.

బండిని తెచ్చి క్వార్టరు పెరట్లో పెట్టి, పైన పరదా కప్పారు. అందరూ లోపలున్నప్పుడు పోయి పరదా ఎత్తాను. ముందు భాగమంతా ముద్దయిపోయింది. మీటరు అద్దం పగిలింది, లోపల ముల్లు ఎనభై మీద గుచ్చుకుపోయి ఉంది. బొటనవేలి గోరుతో రెండుసార్లు కొట్టాను. కదలలేదు. పరదా వదిలేశాను.

కొన్ని రోజులకు ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పాటలు పాడారు, అందరికీ టీ పోశారు. జనం పలచబడ్డాక అక్క నన్ను పెరట్లోకి పిలిచింది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. పరదా వైపు చూడకుండా, దానికి వీపు పెట్టి గడప మీద కూర్చుంది.

“తమ్మీ, గుద్దినప్పుడు ముల్లు ఎటన్న ఎగురుతదని ఖాజా అన్నడు. పాస్టరు అయ్యగారు గుడ గట్లనే అన్నడు.”

“ఎగురొచ్చక్కా.”

“వాళ్లు నా మీద పావురంతోని, జాలితోని చెప్పిండ్రు. ఆటోల ఉన్న ఆడపిల్లలు చూసిండ్రట, పక్క నుంచి బాణం లెక్క పోయిండట.” ఆగింది. “మీటరే తప్పు చూపెడుతుండెనా తమ్మీ? ఆయన నలభై అనుకుంటనే పోయిండా? రాళ్ల కాడికి నువ్వు పోయినవు కద. నువ్వే సాక్షివని ఆయన నాతోని చెప్పిండు. నువ్వు ఏం చెప్తే గది నమ్ముత.”

దేవుడా, ఇదేం పరీక్ష అనుకున్నాను. అవునక్కా, మీటరు మళ్లీ చెడిపోయిందని ఒక్క మాట అంటే చాలు. ఆమె గుండె మీది బండ దిగుతుంది. మొగుడు మాట తప్పలేదని నమ్మి మిగతా రోజులు వెళ్లదీస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ చక్రం కోసం ఆయన మంచిర్యాల దాకా తిరిగింది, చివరికి రోడ్డు మీద గాలి పీల్చుకుంది నా కళ్లముందే ఉంది. ఆ ముల్లు అబద్ధమాడిందని నేనెట్లా చెప్పను? ఆయన జీవితంలో చేసిన పనంతా తీసి గోదాట్లో కలిపినట్టే కదా.

“మీటర్ మంచిగనే ఉండెనక్కా” అన్నాను. అని తల వంచుకున్నాను.

అక్క కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నాకు ఎరుకే” అంది అక్క. “గాయన మీటర్ ఎట్ల చెడిపోతది? మరి ఎందుకు పోయిండు తమ్మీ? ఎటు పోయిండు? నా తమ్మున్ని ఎట్ల తెచ్చిండ్రో చూసినోడే కద. నాకిచ్చిన మాట గట్లెట్ల మరిచిండు?”

ఆ రోజు అక్క ఇంట్లో లేదు. జైపూర్‌లో కూతురింటికి పోయింది. కబురు తెలిసి వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉందట. కంచంలో పప్పన్నం కలిపింది కలిపినట్టే ఉంది. చెంబులో నీళ్లు నిండుగా ఉన్నాయి. చొక్కా కొక్కేనికే ఉంది, బనీను మీదే పోయాడు. మెతుకు వదలని మనిషి కంచం వదిలి ఎట్లా లేచాడో ఆమెకు అంతు పట్టడం లేదు. నాకూ పట్టలేదు. పైగా పోయింది బాయి రోడ్డు. రిటైరైన మనిషికి ఆ దిక్కు పనేముంది?

అప్పుడు పక్క క్వార్టరు అవ్వ గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. ఆమె మొగుడు కూడా బాయిలోనే పనిచేసి పోయాడు. చెవులు సరిగా వినపడవు, గట్టిగా మాట్లాడుతుంది. అక్క పక్కన కూలబడి ఆమె వీపు నిమిరింది.

“మనసున పెట్టుకోకు బిడ్డా. మంచోడు. ఆ దినం గుడ సైరన్ మోగంగనే ఎట్ల ఉరికిండనుకున్నవు!”

నేను గభాల్న తల తిప్పాను. “ఏం సైరన్ అవ్వా?”

“ఆఁ?”

“ఏం సైరన్ అంటున్న!” అని అరిచాను.

“బాయి సైరన్. షిఫ్టుది గాదు, పగటీలి బువ్వ యాళ్లకు. ఆపకుంట మోగె. నా చెవిటి చెవులకే ఇనచ్చె. గోడకాడికి వచ్చి ఏందయ్యా, ఏమైందయ్యా అంటే, ‘కింద మనుషులున్నరు అవ్వా’ అన్నడు. ఎంగిలి చేయి గిట్ల లాగుకు తుడుసుకున్నడు, బండి తీసిండు.” అవ్వ చేత్తో తన తొడ మీద తుడిచి చూపించింది. “ఏం గాలేదటగా ఎవ్వలకు. ఉత్తదేనట. పొద్దూకినంక పిలగాండ్లు చెప్పిండ్రు, రిహార్సల్ అట.”

“గిది ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదవ్వా?”

“నన్నెవలడిగిండ్రు బిడ్డా? అందరికి ఎరుకే అనుకున్న.”

షిఫ్టు సైరన్లు మా ఊళ్లో కోడికూత వంటివి, ఎవరూ పట్టించుకోరు. వేళ కాని వేళ, ఆగకుండా మోగిందంటే మాత్రం లోపల ప్రమాదం జరిగినట్టు. ఆ మోతకు పొయ్యి మీది కూర మాడిపోతుంది, ఆడవాళ్లు చెప్పుల్లేకుండా బాయి వైపు ఉరుకుతారు. ఏదైనా జరిగితే ఎట్లా బయటపడాలో నేర్పడానికి అప్పుడప్పుడు ఉత్తుత్తి ప్రమాదం పెట్టి, అదే సైరన్ మోగిస్తారు; ఉత్తదని తేలాక జనం దాన్ని ఆ పూటే మరిచిపోతారు. డ్యూటీలో ఉన్నవాళ్లకు ముందే చెబుతారు. రిటైరైన మనిషికి ఎవరు చెబుతారు? కుర్చీలో ఇప్పుడు వేరే మనిషి ఉంటాడని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా కంచం వదిలేశాడు.

నాకు ఏడుపు రాలేదు. అక్క కూడా ఏడవలేదు. కళ్లు పెద్దవి చేసుకుని నన్ను అడిగింది.

“ఆయనకెవ్వలు చెప్పలేదా తమ్మీ? ఉత్తదేనని ఒక్కలు గుడ చెప్పలేదా?”

లేదన్నట్టు తలూపాను.

అక్క లేచింది. మొదటిసారి పోయి తనే పరదా ఎత్తింది. ఆ ముల్లును అరచేత్తో ఒకసారి కప్పి తీసింది. పైట బిగించి నా వైపు తిరిగింది. “బండి తియ్యి. బాయి దాక పోవాలె.”

“ఇప్పుడా అక్కా? లోపల మంది ఉన్నరు...”

“ఉండనీ. ఆయన పోవాలనుకున్న కాడికి తీస్కపో.”

ఆయన వెనుక తప్ప ఇంకెవరి వెనుకా ఎక్కని మనిషి నా వెనుక ఎక్కింది. సర్దుకుని కూర్చుంది. నా వీపు మీద మూడుసార్లు తట్టింది. ఆ మూడు దెబ్బలకు నాకు కిక్కు కొట్టడానికి కాలు లేవలేదు. కాసేపటికి బండి కదిలించాను.

పొద్దు ఇంకా ఉంది. బాయి రోడ్డు మీద టిప్పర్లు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఆయన పడిపోయిన చోట అద్దం పెంకులు ఇంకా మెరుస్తున్నాయి. అక్క చూసింది, ఆపమనలేదు. కొంత దూరం పోయాక వెనుక నుంచి అడిగింది.

“ముల్లు ఎంత మీదున్నది?”

“నలభై అక్కా.”

“మంచిగ చూపెడ్తదా నీది?”

“బావనే చూసిండు.”

బాయి గేటు దగ్గర ఆపాను. రెండో షిఫ్టు నడుస్తోంది. పైన ఎత్తుగా ఇనుప చట్రం, దాని మీద పెద్ద చక్రం తిరుగుతోంది. అది తిరుగుతుంటే కింద కేజి కదులుతున్నట్టు. అక్క బండి దిగి, మెడ వెనక్కి వంచి ఆ చక్రాన్నే చూసింది. గేటు దగ్గరి కాపలా మనిషి బావను ఎరిగినవాడే. టోపీ తీసి దగ్గరికొచ్చాడు.

“ఏందమ్మా?”

“ఆ దినం సైరన్ మోగింది కద అయ్యా” అంది అక్క. “లోపలున్నోళ్లు అందరు మీదికొచ్చిండ్రా?”

అతను నా ముఖం చూశాడు. చెప్పమని నేను కళ్లతోనే బతిమాలాను.

“వచ్చిండ్రమ్మా. ఒక్కలకు గుడ ఏం గాలేదు. అందరు మంచిగున్నరు.”

అక్క మళ్లీ పైకి చూసింది. చక్రం నెమ్మదైంది, ఆగింది. ఆమె చెయ్యి చాచింది, పక్కన ఎవరో ఉన్నట్టు.

“ఇన్నవా? అందరు మంచిగనే ఉన్నరట. ఇగ ఇంటికి నడువు.”